పొల్లు పోకుండా

సర్వర్ అబద్ధం చెప్పదని డాక్టర్ కృపాదానం గారి నమ్మకం. మనుషులంటే ఆయనకు గిట్టదని కాదు. జీవితమంతా ఎదుటివాళ్ల కళ్లలోకి చూసీ చూసీ, కనబడినదాన్నే నమ్మే అలవాటు పడిపోయింది. బిట్రగుంట రైల్వే కాలనీ దాటాక ఉండే ఆ మిషన్ కంటి ఆస్పత్రికి ఆయనే పెద్ద, ఆదివారం చర్చిలోనూ ఆయనే పెద్ద. అందుకని ఆయన నమ్మకం ఆయన ఒక్కరి దగ్గర ఆగదు. పొద్దున ఆయన గదిలో పుడితే మధ్యాహ్నం భోజనాల వేళకు ఆస్పత్రి అంతటి నమ్మకం అయి కూర్చుంటుంది.

గురువారం పొద్దున ఆయన ఫేబీని పిలిపించారు. ఫేబీ ఆ ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే మనిషి. సర్వర్ దగ్గర్నుంచి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం దాకా అన్నీ ఆమె నెత్తినే. ఆమె వెళ్లేసరికి రాజ్‌కుమార్ అప్పటికే బల్ల ముందు నిలబడి ఉన్నాడు. షుగరు జబ్బున్నవాళ్లకు కంటి వెనక పొర పాడవుతుంది కదా, సముద్రం ఒడ్డు పాలేలకు కెమెరా తీసుకుపోయి ఆ పొరను ఫోటోలు తీసుకొచ్చే టెక్నీషియన్లు ముగ్గురున్నారు. సుకుమార్, టైటస్, మూడోవాడు ఇతను.

డాక్టరు గారు తెరను ఫేబీ వైపు తిప్పారు. "నువ్వే చూడమ్మా. సుకుమార్ ఫోల్డర్‌లో ఫోటోలున్నాయి. టైటస్ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఈ అబ్బాయి ఫోల్డర్ తెరిస్తే నెల నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. అడిగితే తీశానంటాడు. తీస్తే ఏవీ?"

ఫేబీ వంగి చూసింది. ఫోల్డర్ కడిగిన గిన్నెలా ఉంది. "లేవండి," అంది.

ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. ఆ ఒక్క మాటతో డాక్టరు గారికి మిగతాదంతా తేలిపోయింది. "క్యాంపుకు పోయి పేర్లు రాసుకొచ్చావు గానీ కెమెరా బయటికి తీయలేదు. సోమవారం నువ్వే రాజీనామా రాసిచ్చెయ్ నాయనా. నేను తీసేశానని తెలిస్తే ఇంకో ఆస్పత్రిలో కూడా పని దొరకదు నీకు." ఆయన దయగానే అన్నారు. దయగా అన్న మాటకు ఎదురు చెప్పడం మహా కష్టం. రాజ్‌కుమార్ "తీసినాను సార్" అని ఒకసారి అని, రెండోసారి అనబోయి మానుకున్నాడు.

వరండాలోకి వచ్చాక ఫేబీ ముందు ఆగాడు. నిన్నటిదాకా అతను ఆమెను అక్కా అనేవాడు.

"పోయినాయి అని చెప్పుండొచ్చు గదా మేడం. లేవు అంటిరి. లేవంటే నేను తియ్యలేదనే గదా అర్థం."

"నాకేం తెలుసు రాజ్‌కుమార్? అక్కడ నిజంగానే లేవు."

"అదే నేను చెప్పేది. తెలవనప్పుడు లేవు అంటే ఎట్ట?" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఫేబీకి ఆ రెండు మాటలే చెవిలో తిరిగాయి, లేవు, పోయినాయి. అక్క పోయి మేడం వచ్చినందుకు మనసు చివుక్కుమంది. అయితే నిజం చెప్పాలంటే ఆమెలో జాలి కంటే ముందు లేచింది కుతూహలం. ఒక మనిషి బతుకుతెరువు పోతుంటే ముందు అది లేవడం కాస్త సిగ్గుపడాల్సిన సంగతే. కానీ కంప్యూటర్లతో మెలిగేవాళ్ల బుద్ధి అట్లాగే ఏడుస్తుంది. ముగ్గురికీ ఒకే రకం కెమెరాలు, ఒకే రకం ల్యాప్‌టాప్‌లు, పోయేది ఒకే బండి. ముగ్గురిలో ఒక్కడివే ఎందుకు లేవు? మనిషిదే తప్పయితే సరే. మనిషిది కాకపోతే, యంత్రానికి ఒకరి మీద పగ ఎక్కడిది?

క్యాంపు బండి సాయంత్రం తిరిగొస్తే ముగ్గురూ ల్యాప్‌టాప్‌లు తెచ్చి ఫేబీ గదిలో బల్ల మీద పెట్టి ఇళ్లకు పోతారు. అక్కణ్నుంచి పని ఆమె రాసిన స్క్రిప్టుది, అంటే కంప్యూటర్ తనంతట తాను చేసుకుపోయేలా వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలది. అందులో ముగ్గురి పేర్లూ వరసగా ఉంటాయి. ఒక్కో పేరూ చదువుకుంటూ, ల్యాప్‌టాప్‌లో ఆ పేరు గల ఫోల్డర్‌ను వెతికి, ఆర్‌సింక్ అనే పనిముట్టుతో సర్వర్‌కు చేరవేస్తుంది. ఆర్‌సింక్ మంచి హమాలీ లాంటిది. ఇక్కడి మూటలూ అక్కడి మూటలూ పోల్చి చూసుకుని, అక్కడ లేనివే మోస్తుంది. అదయ్యాక సర్వర్ నుంచి మందుల గిడ్డంగిలో ఉన్న ఇంకో డిస్కుకు మరో నకలు పోతుంది. శనివారం సాయంత్రం ఇంకో నాలుగు వరసల స్క్రిప్టు నడిచి, కొత్త ఫోటోలకు చోటు కావాలి కాబట్టి ల్యాప్‌టాప్‌లను ఊడ్చేస్తుంది. మొదటిసారి ఇదంతా నడిపి చూపించిన రోజు ఫేబీ డాక్టరు గారితో "అక్షరం పొల్లు పోకుండా చేరుస్తుందండీ" అని కొంచెం గొప్పగానే చెప్పుకుంది.

శుక్రవారం రాజ్‌కుమార్‌ను కెమెరా, ల్యాప్‌టాప్ పట్టుకుని తన గదికి రమ్మంది. అతను వచ్చాడు గానీ కుర్చీలో కూర్చోలేదు. ల్యాప్‌టాప్‌లో అతని ఫోల్డర్ ఖాళీగా ఉంది, పోయిన శనివారపు చీపురు పని అది, ఈ వారం ఇంకా క్యాంపు పడలేదు. పేరు మధ్యలో ఎక్కడైనా ఖాళీ పడిందేమోనని ఫేబీ మొదట అనుమానపడింది. స్క్రిప్టులకు ఖాళీలంటే పడదు, ఒక పేరును రెండు పేర్లుగా తెంచేస్తాయి. చూస్తే ఖాళీ లేదు. డిస్కు నిండలేదు, ఫోల్డర్ తెరిచే అనుమతులూ సరిగానే ఉన్నాయి. స్క్రిప్టును చేత్తో నడిపితే బుద్ధిగా చివరిదాకా పోయి "అయిపోయింది" అని చెప్పింది.

"ఒక ఫోటో తియ్యి. నాదే తియ్యి," అంది ఫేబీ.

అతను కెమెరా అమర్చాడు. గడ్డం ఆనించే బద్దను దూదితో తుడిచాడు. కిటికీ తెర లాగాడు. ఆమె గడ్డం ఆనించాక, నుదురు పట్టీకి తగిలిందా లేదా అని పక్కకు వచ్చి చూసుకున్నాడు. పని మొదలుపెట్టగానే అతని గొంతులో కోపం తగ్గింది.

"పచ్చ చుక్కనే చూడండి. రెప్ప కొట్టబాకండి... కొట్టబాకండి... ఆ, చాలు."

తళుక్కుమంది. నీళ్లు తుడుచుకుని చూస్తే తెర మీద గుండ్రంగా, బత్తాయి రంగులో ఏదో ఉంది. అందులో ఒక పక్క వెలుగు మచ్చ, దాని నుంచి సన్నని ఎర్రటి కాలవలు. ఇన్ని వేల ఫోటోలు మోయించింది గానీ ఫేబీ ఏనాడూ ఒక్కటి తెరిచి చూడలేదు.

"ఇదేనా నా కన్ను?"

"ఎడమది. బాగుండాది," అని అతను దాన్ని తన ఫోల్డర్‌లో పెట్టాడు.

ఫేబీ స్క్రిప్టు నడిపింది. "అయిపోయింది" అని వచ్చింది. సర్వర్‌లోకి వెళ్లి ఫోల్డర్ తెరిచింది. ఖాళీ. ఇప్పుడే తీశారు, తన కళ్లతో తాను చూసింది, అయినా సర్వర్ లేదంటోంది.

"ఇప్పుడు చెప్పండి మేడం. తీసినానా, తియ్యలేదా?" అన్నాడు రాజ్‌కుమార్.

స్క్రిప్టు చివర తాను తగిలించిన తోక ఒకటి అప్పుడు ఫేబీకి గుర్తొచ్చింది. మొదట్లో ఏ ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నా ఆ సంగతి మెసేజీగా డాక్టరు గారి ఫోనుకూ పోయేది. "రోజూ ఇదేం గోలమ్మా, ఆపెయ్" అన్నారాయన. ఏది గోలో ఏది కబురో ఏరే ఓపిక లేక ఫేబీ మొత్తం ఆపేసింది. స్క్రిప్టుకు ఏ తప్పు ఎదురైనా ఎవరికీ కనబడని చోట పారబోసి ముందుకు పొమ్మని ఒక్క ముక్క చేర్చింది. ఇప్పుడు ఆ ముక్క చెరిపేసి మళ్లీ నడిపింది. ఈసారి స్క్రిప్టు నోరు విప్పింది. రాజ్‌కుమార్ పేరుతో ఏ ఫోల్డరూ లేదంది.

ఎదురుగా ఉంది కదా ఫోల్డర్! ఫేబీ ఒక వరసలో స్క్రిప్టులోని పేరు, దాని కింద ల్యాప్‌టాప్‌లోని పేరు పెట్టి చూసింది. కమాండ్లు కొట్టేందుకు ఆమె తెర మీద తెరిచే నల్ల కిటికీకి తెలుగు అంతంతమాత్రం. ఒత్తులు పెట్టడం రాదు, అక్షరాలను విడివిడిగా పేర్చి వదిలేస్తుంది. అందులో రెండు పేర్లూ కవలల్లా ఉన్నాయి. కంటితో లాభం లేదని, అక్షరాలను అంకెలుగా మార్చి చూపే కమాండు ఇచ్చింది. రెండో పేరు పొడుగ్గా ఉంది. జ్ తర్వాత, కు రాకముందు, ఏ అక్షరమూ కానిదొకటి నక్కి కూర్చుంది.

"నీ పేరు ఎట్లా కొడతావో కొట్టి చూపించు," అంది. ఇప్పుడామె గొంతు మారిపోయింది. పుట్టలో పాము కనబడ్డవాళ్ల గొంతు అది.

అతను ఒంటి వేలితో కొట్టాడు. రా. జ. జ మీద పొల్లు. ఆ తర్వాత పక్కన ఇంకో మీట. అప్పుడు కు.

"ఆ మీట ఎందుకు?"

"అది నొక్కకపోతే పొల్లు నిలబడదు మేడం. కు వచ్చి జ కింద ఒత్తయి పడతాది." నొక్కకుండా కొట్టి చూపించాడు. తెర మీద రాజ్కుమార్ అని పడింది. "ఇట్ట. దీన్ని ఎవరన్నా నా పేరని చదవతారా?"

సుకుమార్‌కూ టైటస్‌కూ పొల్లు చివర వస్తుంది. దాని వెనక అతుక్కునేందుకు ఇంకో అక్షరం లేదు. పొల్లు నడుమన పడింది ముగ్గురిలో ఇతనొక్కడికే. పోయిన నెల దాకా ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. మన పేర్లు మన అక్షరాల్లో ఉండాలని డాక్టరు గారు ముచ్చటపడితే, ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు తెలుగులో పేరు కొట్టుకున్నారు. స్క్రిప్టులోనూ సర్వర్‌లోనూ మాత్రం ఫేబీ కొట్టింది, ఒత్తులు కనబడని ఆ నల్ల కిటికీలో కూర్చుని. యంత్రానికి పగ లేదు. ఆమె చెప్పిన పేరు కోసం వెతికింది. ఆ పేరుగలవాడు కనబడలేదు. కనబడలేదని చెప్పబోయింది, నోరు మూసేసి ఉంది. శనివారం రాగానే, పేరుతో పని లేకుండా, చేరాయో లేదో చూడకుండా అన్నీ ఊడ్చేసింది. ఆ ఊడ్చే వరసలు రాసిందీ ఫేబీయే.

"దొరికింది!" అని ఫేబీ నవ్వింది. నవ్వాక అతని ముఖం చూసి ఆపుకుంది.

"నా ఫోటోలు దొరికినాయా?"

"ఎక్కడ పోయాయో దొరికింది."

శనివారం పొద్దంతా చెరిగిపోయినవాటిని పైకి తెచ్చే ప్రయత్నం చేసింది. సగం కళ్లు వచ్చాయి. పై సగం బత్తాయి రంగు, కింద సగం బూడిద. అవి ఎందుకూ పనికిరావు. కెమెరా కార్డును క్యాంపు అయిన రోజే తుడిచేస్తారు. అప్పుడే లేచి డాక్టరు గారి ఇంటికి పోవాల్సింది. పోలేదు. వచ్చే నెల ఆమె కాంట్రాక్టు మళ్లీ రాయాలి, సంతకం ఆయనదే. ఇంకోసారి సరిచూసుకుని చెబుదామని తనకు తాను సర్దిచెప్పుకుంది. సరిచూసుకునేందుకు ఏమీ మిగల్లేదని ఆమెకు తెలుసు. భయమేసింది, అంతే.

ఆదివారం ఆరాధనలో డాక్టరు గారే ప్రార్థన చేశారు. అప్పగించిన పనిలో నమ్మకంగా ఉండే పనివారిని మాకు దయచేయుము తండ్రీ అన్నారు. జనం ఆమెన్ అన్నారు. రెండు వరసల వెనక రాజ్‌కుమార్ కూడా అన్నాడు, గొంతు గుర్తుపట్టింది ఫేబీ. ఆమె నోట మాత్రం ఆ మాట రాలేదు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటున్న డాక్టరు గారి దగ్గరికి పోయి జరిగిందంతా గబగబా చెప్పేసింది. ఆయన ఒక కాలికి చెప్పు వేసుకుని అట్లాగే నిలబడి విన్నారు. "రేపు ఆఫీసులో చూద్దాం," అన్నారు.

సోమవారం బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. డాక్టరు గారు చదివి వినిపించారు. టెక్నీషియన్ తన పేరును అసాధారణ పద్ధతిలో టైపు చేయడం వల్ల ఫోటోలు సర్వర్‌కు చేరలేదని, ఈ పొరపాటును మన్నించి అతన్ని ఉద్యోగంలో కొనసాగిస్తున్నామని ఉంది అందులో. చదివి రాజ్‌కుమార్‌కు పెన్ను ఇచ్చారు. "ఇకమీదట నీ ఫోల్డర్‌కు ఒక నంబరు పెట్టుకో. ఏ బాధా ఉండదు."

రాజ్‌కుమార్ పెన్ను తీసుకోలేదు. సంతకం పెట్టేస్తే అయిపోతుంది, అతని పని అతనికుంటుంది, తన కాంట్రాక్టు తనకుంటుంది అనుకుంది ఫేబీ. పెట్టెయ్యి బాబూ అని లోపల ఒక మూల కోరుకుంది కూడా.

"నేను పేరు సరిగ్గానే కొట్టినాను గదా సార్," అన్నాడతను.

"కాదనడం లేదు నాయనా. కంప్యూటర్ తీసుకోలేదు."

"మీ తెర మీద చూడండి సార్. నా ఫోల్డర్ మీద ఏముండాదో చదవండి."

డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగారు. గురువారం ఆయనే వేలు పెట్టి చూపించిన ఫోల్డర్ అది. జ కింద క ఒత్తు ఉంది. ఆయన పెదవులు కదిలాయి, ఆ పేరు పలకబోయి నాలుక తడబడింది. ఇంతమంది ఇన్నాళ్లు చూశారు, ఎవరూ చదవలేదు.

"అది నా పేరు కాదు సార్. నాది కాని పేరు తెరిచి అందులో నా ఫోటోలు లేవంటిరి. ఇప్పుడు నన్ను మన్నిస్తా ఉన్నామని రాసినారు. నేను సంతకం పెట్టను. రాజీనామా కావాలంటే అదే రాసిస్తా."

ఫేబీ కాగితం తన వైపు లాక్కుంది. "అతను కొట్టింది అసాధారణం కాదండీ, తెలుగులో అట్లాగే కొట్టాలి. తప్పు కొట్టింది నేను. తప్పు జరిగిందని కంప్యూటర్ చెప్పకుండా చేసిందీ నేనే. చేరాయో లేదో చూడకుండా చెరిపిందీ నేనే. కాగితం మీద నా పేరు రాయండి."

"నీ కాంట్రాక్టు..." అని డాక్టరు గారు ఆగిపోయారు.

"తెలుసండీ."

ఆయన ఆ తెర మీది పేరును ఇంకోసారి చూశారు. తర్వాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్తది తీసుకుని, ఫేబీ చెబుతుంటే తన చేత్తో రాశారు. కాంట్రాక్టు సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. బయటికొచ్చాక రాజ్‌కుమార్ కృతజ్ఞతలేమీ చెప్పలేదు. "బుధవారం పాలెం పోతా ఉండాం. ఫోటోలు పోయినోళ్లందరికీ మళ్ళా తియ్యాల. మీరు గూడా రండి మేడం. రెండోతూరి ఎందుకో నేను చెప్తే ఎవరూ నమ్మరు," అన్నాడు.

బుధవారం బండి రొయ్యల గుంటల మధ్య గట్టు మీద పోయి పాలెం తుఫాను షెల్టర్ దగ్గర ఆగింది. జనం అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నారు. వలలు బాగుచేసుకునే పని మానుకొచ్చినవాళ్లు, మళ్లీ ఎందుకు పిలిపించారని విసుక్కుంటున్నవాళ్లు. ఫేబీ ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది. పోయినసారి తీసిన ఫోటోలు నావల్ల పోయాయి, రాజ్‌కుమార్ తీశాడు, నేను పోగొట్టాను. మొదట రెండు మూడుసార్లు మాటలు వెతుక్కుంది, తర్వాత అలవాటైంది. వెంకటశేషమ్మ అనే ముసలామె కెమెరా ముందు కూర్చుంటూ ఈ మాట విని, "పోతే పోయినాయిలే మా. కన్ను ఈడనే ఉండాది గదా, మళ్ళా తీసుకోండి," అంది.

రాజ్‌కుమార్ తీశాడు. తీసి, ఇంకొకరిని పిలవకుండా తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. ఫేబీ వెనక నిలబడి చూసింది. బత్తాయి రంగు మధ్యలో ఇటుక రంగు మరక.

"పోయిన తూరి ఇది ఈడికి రాలేదు మేడం," అని తెర మీద గోటితో చూపించాడు. "ఇదో, ఈ మూల చిన్న చుక్కలాగా ఉండె. అప్పుడే అనుకున్నా, సారు చూస్తారులే అని."

ఆ చుక్కను సారు చూడలేదు. ఎవరూ చూడలేదు. ఫేబీ కొత్త ఫోటోను ఫోనులో డాక్టరు గారికి పంపి, ఆయనకు ఫోన్ చేసింది.

"చూశానమ్మా, రక్తం ఉంది," అన్నారాయన. "ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియాలి. పాతదైతే వచ్చే వారం క్లినిక్‌కు రమ్మను. ఈ నెలలోనే ఇంత పెరిగిందంటే మాత్రం ఈ రోజే నెల్లూరు పోవాలి."

"ఈ నెలలోనే పెరిగిందండీ."

"పోయిన నెల ఫోటో పంపించు, పోల్చి చూస్తాను."

"అది లేదు కదండీ."

"మరి పెరిగిందని ఎట్లా చెప్తున్నావు?"

"రాజ్‌కుమార్ చూసినాడండీ," అంది ఫేబీ.

అవతల ఆయన ఎవరినో పిలిచి నెల్లూరు ఆస్పత్రి నంబరు తెమ్మనడం వినిపించింది.

"అయితే ఆలస్యం చెయ్యకండి, బండి ఎక్కించండి. నేను నెల్లూరుకు ఫోన్ చేసి చెప్తాను," అన్నారు డాక్టరు గారు.

ఆమె తిరిగి చూసేసరికి రాజ్‌కుమార్ అరుగు కింద వంగి, వెంకటశేషమ్మ చెప్పులు వెతుకుతున్నాడు.